గేరుబాక్సులో ఎవరి ఆయిలు

కిందటి వారం మిమ్మల్ని మా షెడ్డు గేటు దగ్గర నిలబెట్టి వెళ్లిపోయాను. మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఆ తర్వాత నన్ను మధ్యలో ఆపకండి, అసలే నా నోరు మంచిది కాదు.

నా పేరు జానీ బీ. తెనాలిలో కొల్లిపర రోడ్డు మీద మా ఆయన హిదాయతుల్లాకు మెకానిక్ షెడ్డుంది. షెడ్డు వెనకే ఇల్లు, మధ్యలో ఒక కర్టెను. నిజాంపట్నం రేవులో మరబోట్లున్న మస్తాన్‌రావు గారిది మాకు ఏనాటి నుంచో తెలిసిన కుటుంబం. ఆయన బోట్ల ఇంజన్లన్నీ మా ఆయనే చూస్తాడు. బోటు మీద వల లాగే వించి తాడులో చిక్కుకుని ఎడమ కాలు పోయాక, క్లచ్ తొక్కే పని లేని ఆటోమేటిక్ కారొకటి హైదరాబాదులో సెకండ్ హ్యాండులో కొనుక్కున్నాడాయన. మొన్న వేసవిలో దాని గేరుబాక్సుకు ఆయిలు మార్చాల్సి వచ్చింది. కారు కంపెనీ వాళ్ల డబ్బా కావాలంటే మద్రాసు నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. వేరే కంపెనీ డబ్బా విజయవాడలో దొరికింది, దాని మీదా అదే గ్రేడు నంబరుంది. మా ఆయన రెండు సంగతులూ చెప్పాడు. "నీ బండైతే ఏది పోసుకుంటావో అదే పొయ్యి," అన్నాడు మస్తాన్‌రావు గారు. మా ఆయన బయటి డబ్బా పోశాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో మీరు చదివారు. పురుటికి పుట్టింటికొచ్చి నొప్పులు పడుతున్న కూతురు ఇందును వెనక సీట్లో పడుకోబెట్టుకుని, పక్కన భార్య అంజమ్మను కూర్చోబెట్టుకుని, తెల్లవారుతుండగా తెనాలికి బయల్దేరాడు. రేపల్లె దాటి, భట్టిప్రోలు కూడా దాటాక పొలాల మధ్య బండి ఆగిపోయింది. ఇంజను అరుస్తుంది గానీ చక్రం కదలదు. కర్ర మీద నిలబడి ఆయన చెయ్యెత్తుతూనే ఉన్నాడు, ఒక పాల వ్యాను ఆగేసరికి ఆలస్యమైపోయింది. తెనాలి నర్సింగ్ హోముకు చేరాక ఇందు బతికింది, బిడ్డ బతకలేదు. ఇందు ఇంకా అక్కడే ఉంది.

బయటి ఆయిలు పోసి పసిబిడ్డను చంపాడన్న మాట రేపల్లెలో పుట్టి, మధ్యాహ్నం బస్సుకల్లా తెనాలి వచ్చేసింది. ఊరి నోళ్లు నాకు లెక్కలేదు. ఆ మాట మా ఆయన నమ్మాడు, అదీ నా ఏడుపు. ఆ రోజు నుంచి పానా ముట్టుకోలేదు. కంచం ముందు కూర్చుని చేతులు చూసుకుంటాడు. మసీదుకు వెళ్తాడు, నమాజు చేస్తాడు, అందరూ దువాకు చేతులెత్తే వేళకు లేచి వచ్చేస్తాడు. ఈ చేతులెత్తి ఏం అడగను అంటాడు. నాకు నా మనిషి దక్కకుండా పోతున్నాడు, కళ్లముందే.

సరే, గేటు దగ్గరికొద్దాం. మస్తాన్‌రావు గారు కారును లారీకి కట్టించి మా షెడ్డుకు లాగించుకొచ్చాడు. వెంట అంజమ్మక్క ఉంది. విజయవాడలో పెద్ద వర్క్‌షాపులో ఆటోమేటిక్ గేరుబాక్సులు విప్పే పున్నారావును కూడా తీసుకొచ్చాడు. షరతు ముందే చెప్పాడు.

"ఈయన నా మనిషి కాదు, నీ మనిషీ కాదు. అందరి ముందూ ఆయిలు తీస్తాడు. నువ్వు పోసిందే బండిని చంపిందంటే ఈ షెడ్డు తాళం నాకివ్వాల హిదాయతూ. మళ్లీ జన్మలో ఇంజను ముట్టుకోవద్దు."

"అట్నేనండి అన్నా," అన్నాడు మా ఆయన. బేరం లేదు, ఎదురు మాట లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

పున్నారావు మాట తక్కువ మనిషి. చొక్కా విప్పి బనీనుతో కారు కిందకి దూరాడు. డ్రెయిన్ బోల్టు వదులు చేసి ట్రే తోశాడు. గేరుబాక్సు ఆయిలు కారడం నేను చాలాసార్లు చూశాను. ఎర్రగా, పల్చగా, దానిమ్మ రసంలా దిగుతుంది. ఇది అట్లా దిగలేదు. నల్లగా, చిక్కగా, నురగతో దిగింది. దిగడం కూడా ఆగలేదు. ట్రే నిండిపోతే ఇంకో ట్రే అడిగాడు పున్నారావు. షెడ్డంతా మాడిన వాసన కమ్ముకుంది.

అతను బయటికొచ్చి వేలు ముంచి రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. వాసన చూశాడు.

"మీరు పోసిన డబ్బాలో ఏమన్నా మిగిలిందాండి?" అని మా ఆయన్ని అడిగాడు.

మా ఆయన అల్మరా పైనుంచి ఆ డబ్బా దించాడు. అడుగున కొంచెం ఉంది. నేను లోపల్నుంచి తెల్ల పింగాణీ పళ్లెం తెచ్చిచ్చాను. పున్నారావు ఒక పక్క అది పోశాడు, ఇంకో పక్క ట్రేలోది పోశాడు. ఒకటి ఎర్రగా పరుచుకుంది. రెండోది నల్లగా, పోసిన చోటే ముద్దగా ఉండిపోయింది.

"చెప్పవయ్యా," అన్నాడు మస్తాన్‌రావు గారు.

"మా వర్క్‌షాపులో అయితే కంపెనీ డబ్బానే పొయ్యమంటామండి. గ్యారంటీ ఉంటది, తేడా వస్తే వాళ్లని నిలదీయొచ్చు. అట్లాగని నంబరు కలిసిన బయటి డబ్బా పోస్తే బండి చావదు. రెండూ పోసిన బళ్లు నేను విప్పాను." పళ్లెం పైకెత్తి చూపించాడు. "ఇక్కడ ఆ గొడవే లేదు. ఇందులో ఉన్నది కంపెనీదీ కాదు, ఈయన డబ్బాలోదీ కాదు. డీజిల్ ఇంజన్లకు పోసే ఆయిలు ఇది, బోట్లకు వాడతారే, అది. ఉన్న ఆయిలు మీద ఇది పోశారు. అదీ పీకల దాకా పోశారు. ఇంత పోస్తే లోపల నురగ తేలుతుంది, వేడెక్కాక ప్లేట్లు పట్టు వదిలేస్తాయి. బండి ఆగక ఏం చేస్తుందండి."

మా ఆయన మొహం చూశాను. చాలా రోజుల తర్వాత ఆయన నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు. నేను మనసులో అల్లాకు దణ్ణం పెట్టుకున్నాను. తొందరపడ్డాను.

మస్తాన్‌రావు గారు కర్ర ఆనించుకుంటూ షెడ్డు మూలకు నడిచాడు. అక్కడ మా డ్రమ్ముంది. బోట్ల ఇంజన్లకు పోసే ఆయిలు. రేవుకు వెళ్లినప్పుడల్లా మా ఆయన అందులోంచే క్యానుల్లో నింపుకెళ్తాడు. మస్తాన్‌రావు గారు దాని మూత మీద కర్రతో కొట్టాడు.

"బోటు ఆయిలు ఇక్కడుంది," అన్నాడు. "ఇంతకాలం బయటి డబ్బా పోశావనే బాధపడ్డా. అదన్నా పోయలేదన్న మాట. ఖర్చు కలిసొస్తుందని డ్రమ్ములోది పోసి, నాకు ఎర్ర డబ్బా చూపించావా హిదాయతూ? నా ఇంట్లో అన్నం తిన్నావు కదరా నువ్వు."

"లేదన్నా. ఖురాను మీద ప్రమాణం."

"ఈయనే పోశాడని నేననలేదండి," అన్నాడు పున్నారావు. "ఏం పోశారో చెప్పాను, అంతే. ఎవరు పోశారో ఆయిలు చెప్పదు."

"బోటు ఆయిలు ఉన్నది ఇద్దరి దగ్గరే. నా దగ్గరా, వీడి దగ్గరా. నా బిడ్డ ఎక్కే బండిలో నేనే పోసుకుంటానా?"

నేను నోరు తెరిచాను. ఆయనకు నాలుగు తగిలిద్దామనే తెరిచాను. అంతలో ఎత్తి ఉన్న బానెట్టు కింద నా కన్ను పడింది. గేరుబాక్సు ఆయిలు చూసే గేజు పిడికి పసుపు అంటుకుని ఉంది. పసుపు మీద చిన్న కుంకుమ బొట్టు. వేడికి ఎండి పెచ్చుకట్టింది. ఆ పిడిని దాటితే పక్కనే ఇంజను ఆయిలు గేజు, దానికి ఏమీ లేదు.

తల తిప్పేసరికి అంజమ్మక్క నన్నే చూస్తోంది. నేనేం చూశానో ఆమెకు తెలిసిపోయింది.

"జానీ, కాసిని మంచినీళ్లియ్యవే," అంటూ నాకంటే ముందే కర్టెను తోసుకుని లోపలికి నడిచింది.

వంటింట్లో నిలబడి నీళ్లు అడగలేదు ఆమె. నేనూ ఇవ్వలేదు.

"పసుపెవరు పెట్టారక్కా?" అన్నాను.

"మెల్లగా మాట్లాడు."

మస్తాన్‌రావు గారింట్లో ఉన్న ఆనవాయితీ మీకు చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. ఎండాకాలం వేట ఆపేసి, బోట్లు మళ్లీ వదిలిన రోజున గంగమ్మకు పొంగలి పెడతారు. కొత్త ఆయిలు డబ్బా అమ్మ ముందు పెట్టి తీస్తారు. ప్రతి ఇంజనుకూ గేజు దగ్గర పసుపూ కుంకుమా పెట్టి ఆయిలు పోస్తారు. పొంగేదాకా పోయాలి, అప్పుడే ఆ ఏడు వల నిండుతుందని వాళ్ల నమ్మకం. మర్నాడు మా ఆయన వెళ్లి ఎక్కువైనదంతా తోడేసి వస్తాడు. ఏటా ఉన్న పనే. ఈ ఏడు కూడా బోట్లన్నిటికీ తోడేశాడు. కారు సంగతి ఎవరూ చెప్పలేదు, ఆయన చూడలేదు.

"బోట్ల దగ్గర మగాళ్లు పోశారు," అంది అంజమ్మక్క. "మీ బావగారు కూడా జెట్టీ మీదే ఉన్నారు. కారేమో ఇంటిముందు ఉంది. ఇందును కాన్పుకు తీసుకెళ్లేది దాంట్లోనే కదా, దానికి మాత్రం అమ్మ చూపు ఎందుకుండగూడదు అనిపించింది నాకు. మీ బావగారితో చెప్పలేదు, ఆడాళ్ల పిచ్చి అని నవ్వుతారని."

"ఆ కారుకి రెండు గేజులుంటాయక్కా. మీరు లాగింది ఇంజనుది కాదు."

"మాకేం తెలుసే? బోటుకు ఒకటేగా ఉండేది. చేతికి ముందొచ్చింది లాగాం. గొట్టం అంచుకు వచ్చేదాకా పోశాం."

"పోశాం అంటే? నువ్వా?"

ఆమె కుడి అరచెయ్యి తెరిచి చూపించింది. బొటనవేలి కింద నుంచి మణికట్టు దాకా కోత మానిన గీత ఉంది.

"పీత డెక్క కోసింది. అప్పుడు ఇంత కట్టు చేతికి. డబ్బా ఎత్తలేకపోయా."

ఇక ఆమె చెప్పక్కర్లేదు. ఇంట్లో నెలలు నిండిన చూలాలుంటే ఇంటి దగ్గర తొలి ఆయిలు ఆ చేత్తోనే పోయిస్తారు. నిండు మనిషి చెయ్యి పడితే నిండుతుందంటారు. ఆ వేసవికి వాళ్లింట్లో ఉన్న నిండు చూలాలు ఒక్కతే.

"ఇందూ?" అన్నాను.

అంజమ్మక్క స్టవ్వు గట్టు పట్టుకుని నిలబడింది. ఏడుపు రావడం లేదు ఆమెకు, అంతా అయిపోయినట్టుంది.

"దానికి తెలీదు జానీ. నేను కూడా మొన్నటిదాకా ఆలోచించలేదు. పున్నారావు వస్తాడనగానే గుండెల్లో రాయి పడింది. అది ఏం తినడంలేదు. పాలు పడుతుంటే రొమ్ముకు బట్ట కట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంటుంది. మొన్న నర్సింగ్ హోము డాబా ఎక్కి పిట్టగోడ దగ్గర నిలబడితే ఆయా చూసి పట్టుకుంది. అంతలోనే నీ మొగుణ్ణి తిడుతుంది. బాబాయి ఎందుకట్లా చేశాడే అని తిట్టి తిట్టి ఏడ్చి నిద్రపోతుంది. ఆ తిట్టుకోవడం వల్లే బతికుంది అది. రేపు బాబాయి కాదని తెలిస్తే ఎవర్ని తిట్టుకుంటుంది? చెప్పు."

నాకు జాలేసింది. కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నాకు కోపమే ముందు బయటికొస్తుంది.

"మరి నా మొగుడక్కా? ఆయన అన్నం తింటున్నాడా? దువాకు చెయ్యెత్తడం లేదు ఆ మనిషి. ఆయన డాబా ఎక్కితే పట్టుకోడానికి ఏ ఆయా వస్తుంది?"

"నేను పోశానని చెబుతా. మీ బావగారు నన్ను ఏం చేస్తే అది చెయ్యనీ. నీ మొగుడి మీద మాట పడదు, నా కూతురి మీదా పడదు. నువ్వు మాత్రం నోరు మెదపొద్దు. నీ కాళ్లు పట్టుకుంటానే."

నిజంగానే వంగింది. నాకంటే పెద్దది, నా రెండు కాన్పులకూ రొయ్య పొట్టు కూర వండుకుని నిజాంపట్నం నుంచి బస్సులో వచ్చిన మనిషి. భుజాలు పట్టుకుని లేపాను. సరే అన్నాను. అన్నానో, తలూపానో గుర్తులేదు.

బయట మస్తాన్‌రావు గారు తాళంచెవి కోసం చెయ్యి చాపి ఉన్నాడు. మా ఆయన జేబులోంచి తీస్తున్నాడు. తీయడం చూస్తే పరాయి షెడ్డు తాళం అప్పగిస్తున్నట్టుంది.

"ఆగండి," అంది అంజమ్మక్క. "హిదాయత్ పోయలేదు. నేను పోశాను. గంగమ్మ పొంగళ్లనాడు, కొత్త డబ్బాలోది, నేనే పోశాను."

మస్తాన్‌రావు గారికి వెంటనే అర్థం కాలేదు. భార్య మొహం చూశాడు, బానెట్టు వైపు చూశాడు, పసుపు చూశాడు. అప్పుడు అర్థమైంది. ఆయన చేతిలో కర్ర పైకి లేచింది. కొడతాడేమోనని మా ఆయన మధ్యలోకి వచ్చాడు. కొట్టలేదు. అట్లాగే కారు బంపరు మీద కూలబడ్డాడు.

"నీ చేత్తోనే పోశావా అంజమ్మా," అన్నాడు.

"అమ్మెక్కడ పోసింది నాన్నా?"

అందరం గేటు వైపు తిరిగాం. రిక్షాలోంచి దిగి ఇందు నిలబడి ఉంది. పల్చగా, పసుపుపచ్చగా, నైటీ మీద తువ్వాలు కప్పుకుని ఉంది. బాబాయిని ఒక మాట అడగాలని నర్సింగ్ హోములో ఎవరికీ చెప్పకుండా వచ్చిందని తర్వాత తెలిసింది. ఆమె విన్నది చివరి మాట ఒక్కటే.

"అమ్మ చేతికి అప్పుడు కట్టుంది కదా," అంది, చిన్న తప్పు సరిచేస్తున్నట్టు. "డబ్బా ఎత్తింది నేను. గరాటు అమ్మ పట్టుకుంది."

ఇందు ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చింది. ట్రేల దగ్గర ఆగింది. పళ్లెంలో ఎర్రది చూసింది, నల్లది చూసింది.

"ఏమైందమ్మా? అది పోయకూడదా?"

అంజమ్మక్క నోట్లో కొంగు కుక్కుకుంది. మస్తాన్‌రావు గారు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అప్పుడు మా ఆయన మాట్లాడాడు. చాలా నిదానంగా, రోజూ మాట్లాడినట్టే మాట్లాడాడు.

"పోయొచ్చమ్మా. ఏం కాదు. ఏటా పోస్తారు కదా, మర్నాడు నేనొచ్చి తోడేస్తాను కదా. బోట్లకు తోడినట్టే నీ కారుకీ తోడేశాను. నువ్వు పోసిన చుక్క కూడా ఉంచలేదు. తర్వాత నేను మళ్లీ పోసుకున్నాను. అప్పుడు చెయ్యి తప్పాను. డబ్బాలోది పోయబోయి డ్రమ్ములోది పోశాను. తప్పు నాది తల్లీ."

ఆ అబద్ధం అప్పటికప్పుడు అల్లాడు. నా మొగుడు జీవితంలో అంత చక్కగా అబద్ధమాడటం నేను చూడలేదు. పున్నారావు కాలితో నల్ల ట్రేను నెమ్మదిగా కారు కిందకి నెట్టేశాడు. మా ఆయన తాళంచెవి తీసి మస్తాన్‌రావు గారి పక్కన బంపరు మీద పెట్టాడు. ఆ ముసలాయనకు దాన్ని అందుకునే ఓపిక లేదు.

నాకు అరవాలనిపించింది. అక్కకు మాటిచ్చింది, నింద తన మీద వేసుకుంటానందని ఇచ్చాను. నా మొగుడి మీద కాదు. ఈ మాట ఈ గేటు దాటితే రేపటి నుంచి ఆయన నిజంగానే పసిబిడ్డను చంపిన మనిషి. ఈసారి తన నోటితోనే ఒప్పుకున్న మనిషి. మళ్లీ పానా పట్టుకోడు.

ఇందు ఆయన్ని తిట్టలేదు. తిడుతుందనే అందరం ఎదురుచూశాం. ఆమె తల వంచుకుని కాసేపు ఏదో గుర్తుచేసుకుంది. తర్వాత నా వైపు నడిచొచ్చింది. దగ్గరికొచ్చాక ఆమె ఒంటి మీద నుంచి ఆసుపత్రి వాసన, పాల వాసన కలిసి వచ్చాయి.

"పిన్నీ," అంది. "పొంగళ్లయిన మర్నాడు నాకు మామిడికాయలు పట్టుకుని నువ్వొచ్చావు. బాబాయి రాలేదేంటని అడిగా. తెల్లారే బోట్ల పని చూసేసి అట్నుంచటే బాపట్ల పోయాడు, రైసు మిల్లులో ఇంజను విప్పారు, వారందాకా రాడు అన్నావు. బాపట్లలో మా అత్తగారుండే వీధిలోనే ఆ మిల్లు అని కూడా చెప్పావు."

నిజమే, ఆ రోజు అట్లాగే అన్నాను.

"మరి కారులో ఆయిలు ఎప్పుడు తోడాడు?"

మా ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, ఎవరికీ కనపడనంత చిన్నగా. అంజమ్మక్క కూడా చూస్తోంది. ఇద్దరూ ఒకటే అడుగుతున్నారు.

ఇందు నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

"వీళ్లందరూ నన్ను చూసి భయపడుతున్నారు పిన్నీ. నువ్వు నోరు దాచుకోవుగా. నువ్వు చెప్పు. నమ్ముతాను."

నేను కర్టెను వదిలేసి ఒక అడుగు ముందుకేశాను.

"ఇందూ," అన్నాను.